కుక్కతో మాట్లాడే ఇంగ్లీషు

ఆ బుధవారం సాయంత్రం చాపెల్ వెనక గదిలో ఊరి కౌన్సిల్ కూర్చుంది. కూర్చుందనడం మర్యాదకి. నిజానికి సగం మంది లేచి నిలబడి అరుచుకుంటున్నారు. గొడవ కాలవది. కొండ నీళ్ళు రోడ్డెక్కడానికి ఎవరి కంచె కారణమన్నది ఏళ్ళ తరబడి తేలలేదు, ఆ రోజూ తేలేలా లేదు.

“కాలవ నీ పొలంలో పూడితే మా తాత పేరెత్తుతావేంరా?” అని అధ్యక్షుడు ఎమ్రిస్ బల్ల చరిచాడు.

“పూడనిచ్చింది ఆయనే కాబట్టి,” అన్నాడు ఇద్వాల్ తాపీగా, టీలో బిస్కెట్టు ముంచుకుంటూ. “బతికినన్నాళ్ళూ పార ముట్టిన పాపాన పోలేదు మనిషి. చచ్చాక ఆయన గొయ్యి కూడా మా నాన్నే తవ్వాడు. కూలి ఇంకా రావాలి.”

గదంతా గొల్లుమంది. ఎమ్రిస్ కూడా నవ్వాడు, తిడుతూనే. ఇద్వాల్ నోటికి ఆ లోయలో ఎదురు లేదు. గొర్రెలు కాసి కాసి నడుం వంగింది గానీ నాలుక వంగలేదు. పెళ్ళికైనా చావుకైనా రెండు మాటలు మాట్లాడాలంటే ఇద్వాల్‌నే లేపుతారు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. క్లైవ్ థోర్న్, ఆయన భార్య ఫిలిప్పా లోపలికొచ్చారు. పైన కొండవాలున ఉన్న హవోద్ వెన్ ఇంటిని పోయిన ఏడాది కొనుక్కున్న ఇంగ్లీషు దంపతులు.

ఎమ్రిస్ ఏదో అంటున్నాడు. ఆ వాక్యం ఊరి సొంత భాష వేల్ష్‌లో బయల్దేరి ఇంగ్లీషులో దిగింది. మిగతావాళ్ళదీ అంతే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. గదినిండా ఉన్న మనుషులు ఇద్దరి కోసం తమ భాషను టోపీ తీసినట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఇంగ్లీషు మనిషి ఒక్కడు గుమ్మం దాటితే చాలు, ఆ లోయలో పది నోళ్ళు ఇంగ్లీషుకు మళ్ళుతాయి. దాన్ని వాళ్ళు మర్యాద అంటారు. ఇంకో పేరు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

“మీ పని మధ్యలో వచ్చామా?” అన్నాడు క్లైవ్.

“అబ్బే, లేదండి. రండి, కూర్చోండి.” బల్ల చరిచిన చేత్తోనే ఎమ్రిస్ కుర్చీ తుడిచాడు.

క్లైవ్ మంచివాడు. ఈ కథలో దుర్మార్గుడి కోసం వెతికేవాళ్ళు ఆయన దగ్గర ఆగొద్దు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడే, సూటిగా చెప్పాడు. “మా ఇంటి పేరు సంగతి. మా వాళ్ళెవరికీ నోరు తిరగడం లేదు. పార్సిళ్ళు పక్క లోయకు పోతున్నాయి. స్కైలార్క్స్ రెస్ట్ అని పెట్టుకుందామని ఉంది. మా వాలు మీద ఆ స్కైలార్క్ పిట్టలు పొద్దున్నే ఎంత బాగా పాడతాయో మీకు తెలుసు. జిల్లా ఆఫీసులో అడిగితే ముందు మీ అభిప్రాయం కనుక్కోమన్నారు. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే చెప్పండి. మాటవరసకి అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.” తర్వాత ఇద్వాల్ వైపు తిరిగాడు. “ముఖ్యంగా మీరు, మిస్టర్ జోన్స్. మీరు పుట్టిన ఇల్లు కదా.”

మిస్టర్ జోన్స్. ఆ లోయలో జోన్స్ అని కేకేస్తే సగం ఊరు పలుకుతుంది. అందుకే అక్కడ మనిషికి ఇంటి పేరంటే నిజంగా ఇంటి పేరే. ఏ కొంపలో పుడితే ఆ కొంప పేరు ఒంటికి అంటుకుంటుంది, కొంప చెయ్యి జారినా పేరు జారదు. అన్న పోయాక అన్న పిల్లలు ఇల్లమ్ముకున్నారు. ఇద్వాల్ కింద చిన్న ఇంట్లో ఉంటున్నాడు. అయినా అతను ఇద్వాల్ హవోద్. అతని మంద హవోద్ మంద. కూతురు మెయినిర్ హవోద్.

చెప్పాల్సిందంతా అతని నోట్లో వేల్ష్‌లో తయారుగా ఉంది. పదును పెట్టిన కత్తెర లాగా ఉంది. అయ్యా, మీరు కొన్నది గోడలు, పేరు మీతో రాలేదు, అది మా మెడలకు వేలాడుతోంది, తెంపకండి. ఆ మాటల్ని ఇంగ్లీషులోకి తిప్పబోయాడు. మార్కెట్లో ధర మాట్లాడే ఇంగ్లీషు ఉంది, వానెండల ఇంగ్లీషు ఉంది. పోట్లాడే ఇంగ్లీషు లేదు. బడిలో ఇంగ్లీషు నేర్పినవాళ్ళు చిత్తం అనడమే నేర్పారు.

బిస్కెట్టు తెగి టీలో పడింది.

“చాలా బాగుందండి,” అన్నాడు. “పిట్ట పేరు. చాలా బాగుంది.”

“నిజంగానా?”

“చాలా బాగుంది.”

థోర్న్ దంపతులు అందరితో చేతులు కలిపి వెళ్ళారు. బయట కారు మోత తగ్గేదాకా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత మూత లేపిన కుండలా వేల్ష్ పొంగింది.

“పిట్టట, పిట్ట! మనందరి నెత్తిన రెట్ట వేసింది పిట్ట!”

“మరి నువ్వు నోరెత్తావా?”

“ఇల్లు ఇద్వాల్‌ది. ముందు అతనంటాడని చూశా.”

“అధ్యక్షుడు ఎమ్రిస్. ఎమ్రిస్ అనాలి.”

“ఇంటికొచ్చినవాళ్ళతో నేనేం తగూ పెట్టుకోను?” అన్నాడు ఎమ్రిస్. “మొహం మీద కాదనడం ఏం బాగుంటుంది?”

కౌన్సిల్ రాతపని చూసేది మెయినిర్. కలం మూతపెట్టి తండ్రి వైపు చూసింది. “ఏం రాయమంటావ్ నాన్నా? ‘చాలా బాగుంది’ అని రాయనా, మూడుసార్లు?”

“వదిలెయ్ తల్లీ.”

“ఆ బీరువాలో ఏముందో మీకెవరికైనా గుర్తుందా? చెవులకు పెట్టుకునే యంత్రాలు. మీరు మీ భాషలో మాట్లాడితే నేను మైకులో ఇంగ్లీషు చెప్తాను, వాళ్ళు చెవిలో వింటారు. ప్రభుత్వం డబ్బుతో కొన్నాం. డబ్బా అట్ట కూడా చింపలేదు. ఎందుకు? ‘అయ్యో, వాళ్ళ చెవిలో అవి పెడితే వాళ్ళు నొచ్చుకుంటారేమో!’ మీరు నొచ్చుకుంటే మాత్రం ఎవరికీ పట్టదు, మీక్కూడా.”

“నాకు పోట్లాడే ఇంగ్లీషు రాదే,” అన్నాడు ఇద్వాల్ నెమ్మదిగా.

“రాకేం? ఫ్లోస్‌తో రోజూ అరుస్తావుగా.”

అందరూ నవ్వారు. ఇద్వాల్ నవ్వలేదు. బయట పికప్ బండిలో అతని కుక్క ఫ్లోస్ ఎదురుచూస్తోంది. ఆ లోయలో గొర్రెల కుక్కలకు ఇంగ్లీషే చెప్తారు. ఎందుకో ఎవరికీ తెలీదు, తాతలు చెప్పారు కాబట్టి వీళ్ళూ చెప్తారు. పెళ్ళాంతో, పిల్లలతో, దేవుడితో, గొర్రెతో కూడా వేల్ష్. కుక్కతో మాత్రం ఇంగ్లీషు.

“మూవ్ ఓవర్,” అన్నాడు ఇద్వాల్ బయటికొచ్చి బండి తలుపు తీసి. గట్టిగా, సూటిగా వచ్చింది మాట. ఫ్లోస్ వెంటనే పక్కకు జరిగింది.

మర్నాడు పొద్దున కొండ మీది కంచె చూడ్డానికి వెళ్తూ పాత ఇంటి ముందు నుంచే పోవాల్సొచ్చింది. దారి ఒకటే. క్లైవ్ నిచ్చెన వేసుకుని గుమ్మం పైన ఇంటి పేరు చెక్కి ఉన్న నల్ల పలకరాయి మరలు విప్పుతున్నాడు. నిచ్చెన ఒక కాలు గులకరాళ్ళలో ఊగుతోంది.

“మిస్టర్ జోన్స్! దేవుడే పంపాడు మిమ్మల్ని. ఒక్క నిమిషం పట్టుకుంటారా?”

పట్టుకున్నాడు. పడిపోయే మనిషిని చూస్తూ పోతామా అని తనకు తాను చెప్పుకున్నాడు. రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, కింద బూటు అడ్డంపెట్టి, నిఠారుగా నిలబడ్డాడు. పైనుంచి తుప్పు రజను రాలి కనుబొమల మీద పడుతోంది. చివరి మర మొండికేసింది. క్లైవ్ తంటాలు పడుతుంటే, “ఎడమకు కాదండి, ముందు కొంచెం బిగించి తర్వాత విప్పండి,” అని సలహా కూడా ఇచ్చాడు. ఆ మర బిగించినప్పుడు కింద నిచ్చెన పట్టుకుంది చిన్నప్పటి ఇద్వాలే. పైన ఉన్నది తండ్రి.

మర ఊడింది. పలకరాయి చేతుల్లోకి దిగింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. వెనకవైపు తడి, ఒక సాలెగూడు, చచ్చిన పురుగులు. ముందువైపు తండ్రి ఉలితో కొట్టిన అక్షరాలు, చివరిది కాస్త పక్కకు ఒరిగింది. ఆ ఒరుగు కోసం అమ్మ నెలరోజులు ఎగతాళి చేసింది.

“మీరే ఉంచుకోండి,” అన్నాడు క్లైవ్ దిగుతూ. “మీ దగ్గరుంటే బాగుంటుంది. జ్ఞాపకంగా.”

“మీ దయండి,” అన్నాడు ఇద్వాల్.

మీ దయ! తండ్రి చెక్కిన రాయిని తండ్రి గుమ్మం నుంచి దింపి ఇస్తే పుచ్చుకుని మీ దయ అన్నాడు. పికప్ వెనక గోనె మీద పడుకోబెట్టాడు. ఫ్లోస్ ఎగిరి ఆ రాయి మీదే కూర్చుంది, చల్లగా ఉంటుందని. దాన్ని లేపడానికి కూడా అతనికి మనసొప్పలేదు. ఏం చెప్పి లేపుతాడు?

శుక్రవారం దాణా కొట్లో గెథిన్ కనిపించాడు. ఉన్ని కత్తిరించే కుర్రాళ్ళలో వాడే మొనగాడు, నోరు కూడా కత్తెరే. గొర్రెలు నాకే మినరల్ దిమ్మ భుజానికెత్తుకుంటూ కొట్టంతా వినబడేలా అరిచాడు. “తప్పుకోండ్రా, స్కైలార్క్ గారు వస్తున్నారు! ఇద్వాల్ స్కైలార్క్! ఏం మామా, ఒక పాట పాడు!”

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. గల్లాపెట్టె దగ్గరి ఆడమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామూలుగా అయితే ఇద్వాల్ ఒక్క మాటతో వాడి మూడు తరాలనూ బురదలో దొర్లించేవాడు. ఆ రోజు బిల్లు మడిచి, ఇంకా చిన్నగా మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

గెథిన్ బయటికొచ్చి బండి దాకా వెంట నడిచాడు. “మామా, ఊరికే అన్నా. ఏమనుకోకు.”

“నువ్వన్నావని కాదురా. అది నాకు అతుకుతుందేమోనని.”

శనివారం మంద దింపే రోజు. ఉన్ని కత్తిరింపుకు ముందు ఆ కొండ మీది గొర్రెలన్నీ కలిపి ఒకేసారి దింపుతారు. చుట్టుపక్కల కమతాల వాళ్ళంతా తెల్లారకముందే పైకెక్కి, పొగమంచులో విడిపోయి, ఒకరి ఈల ఒకరు వింటూ వల చుట్టినట్టు దిగొస్తారు. “కమ్ బై! ఎవే! స్టెడీ!” అని కుక్కను అటూ ఇటూ తిప్పే ఇద్వాల్ గొంతు కొండ కొండకీ తగిలింది. ఫ్లోస్ పొట్ట నేలకు రాస్తూ, వాలు చివర తప్పించుకోబోయిన గుంపును తిప్పుకొచ్చింది. పది గంటలకల్లా పాత ఇంటి వెనక రాతి దొడ్డి నిండిపోయింది. ఉన్నికంపు, పేడకంపు, పిల్లల్ని వెతుక్కునే తల్లుల అరుపులు.

ఇప్పుడు విడదీయాలి. రంగు గుర్తులు వానకు కారిపోతాయి, ప్లాస్టిక్ బిళ్ళలు ముళ్ళకు తెగిపోతాయి. ఒక్కో కమతం ఒక్కో తీరున చెవికి పెట్టిన గంటు చెరగదు. ఇద్వాల్ దొడ్డి నడుమ నిలబడి, వచ్చిన గొర్రెను వచ్చినట్టు మోకాళ్ళ మధ్య బిగించి, బొటనవేలితో చెవి అంచు తడుముతాడు. కొన కోసినదా, కింద గంటా, పైన చీలికా. చూడక్కర్లేదు. తడిమి, కమతం పేరు కేకేస్తాడు. ఆ కమతం మనిషి తమ గది తడిక తీస్తాడు, గొర్రె పోతుంది. వాళ్ళ తాతలు అదే దొడ్డిలో అవే పేర్లు అరిచారు.

“టిన్ రోస్!” గొర్రె పోయింది. “బ్లైన్ నాంట్!” పోయింది. “ఎమ్రిస్, ఇదిగో నీది. కుంటుతోంది, మీ తాత లాగా పని తప్పించుకోడానికి!”

“నోర్ముయ్యి, చెవి చూడు!”

అప్పుడే గోడ అవతల థోర్న్ దంపతులు వచ్చి నిలబడ్డారు. ఫిలిప్పా చేతిలో కేకు, క్లైవ్ చేతిలో ఫ్లాస్కు. వాళ్ళ పెరటి గోడే అది.

దొడ్డి మారిపోయింది. తిట్లు ఆగాయి. హాస్యాలు ఆగాయి. “శుభోదయమండి, మంచి ఎండ కాసింది,” అన్నాడు ఎమ్రిస్ ఇంగ్లీషులో. ఆపైన కమతాల పేర్లు కూడా ఆగాయి. తెలియని పేర్లు అరిస్తే వచ్చినవాళ్ళకు అయోమయంగా ఉంటుందని కాబోలు, ఎమ్రిస్ “పై గది,” “కింది గది,” “చివరి గది” అనడం మొదలుపెట్టాడు, ఇంగ్లీషులో. మిగతావాళ్ళూ అందుకున్నారు. గొర్రెలు అవే, తడికలు అవే. మెయినిర్ రంగుబిందె పట్టుకుని గోడ పక్కన నిలబడి ఇదంతా చూస్తోంది.

ఇద్వాల్ మోకాళ్ళ మధ్యకు ఒక ముసలి గొర్రె వచ్చింది. చెవి ముట్టుకోకముందే తెలుసు. అయినా తడిమాడు. ఎడమ చెవి కొన కోత, కింద రెండు గంట్లు. తనదే.

“ఇదెవరిదండి?” అన్నాడు ఎమ్రిస్ ఇంగ్లీషులో, గోడ వైపు చూస్తూ, చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఆట చూపిస్తున్నట్టు.

“స్కైలార్క్!” అని అరిచాడు గెథిన్, అలవాటు కొద్దీ.

నవ్వులు. ఫిలిప్పా సంతోషంతో చప్పట్లు కొట్టింది. “మన గొర్రె, క్లైవ్!” క్లైవ్ ఫోను తీసి, ఇంకాస్త దగ్గరగా ఫోటో కోసం చివరి తడిక కొక్కెం ఎత్తి లోపలికి అడుగు పెట్టబోయాడు. తడిక తెరుచుకుంటే పొద్దుటి నుంచి విడదీసిందంతా మళ్ళీ కలిసిపోతుంది. ముందు వరుస గొర్రెలు అప్పుడే తలలు తిప్పాయి.

“స్టాండ్!”

అంత గొంతు ఆ దొడ్డిలో ఎవరూ వినలేదు. ఫ్లోస్ ఉన్నచోటే నేలకు కరుచుకుపోయింది. క్లైవ్ ఒక కాలు గాల్లో ఉంచి ఆగిపోయాడు.

“లీవ్ ఇట్!” అన్నాడు ఇద్వాల్. “బ్యాక్!”

క్లైవ్ వెనక్కి జరిగాడు. కొక్కెం పడింది.

ఇద్వాల్ గొర్రెను వదల్లేదు. గొంతు అలాగే ఉంది, కుక్కతో మాట్లాడే గొంతు, పొట్టి పొట్టి మాటలు. మర్యాదల దారి తెలియని ఇంగ్లీషు. అందుకే అడ్డంకి లేకుండా వచ్చింది. “ఇది స్కైలార్క్ కాదు. హవోద్ వెన్. చెవిలో ఉంది. నాకు ఇబ్బందే. బాగుందన్నాను. అబద్ధం. ఏం బాగాలేదు. నాకు ఇబ్బందే.”

ఆ తర్వాత ఏం జరిగిందో వినండి. ముందు నోరు తెరిచింది మనవాళ్ళే, క్లైవ్ కాదు.

“పెద్దాయన పొద్దుట్నుంచీ కొండెక్కి అలిసిపోయాడండి,” అన్నాడు ఎమ్రిస్ గబగబా. “ఏమనుకోకండి. ఎండ దెబ్బ.”

“ఆయన ఉద్దేశం అది కాదండి,” అన్నాడు ఇంకొకడు.

“ఊరికే హాస్యానికి,” అన్నాడు గెథిన్, నేల చూస్తూ.

ఫిలిప్పా కేకు గోడ మీద పెట్టింది. “మీ అందరికీ ఇబ్బందేనా?” అని అడిగింది. “నాకు నిజం కావాలి.”

అందరూ బూట్లు చూసుకున్నారు. ఒకడు తాడు ముడి విప్పి మళ్ళీ వేశాడు.

“ఇబ్బందే,” అంది మెయినిర్ ఇంగ్లీషులో, రంగుబిందె కింద పెట్టి. “కానీ మీకు చెప్పరు. మీ కారు మలుపు తిరగగానే ఒకరికొకరు చెప్పుకుంటారు. బుధవారం కూడా అదే జరిగింది.”

“మెయినిర్!” ఎమ్రిస్ మొహం ఉడికిన దుంపలా అయింది. ఇంటి గుట్టు బజార్న పెట్టినట్టు చూశాడు.

క్లైవ్ ఇద్వాల్‌నే చూస్తున్నాడు. “నేను మిమ్మల్ని అడిగాను,” అన్నాడు. గొంతులో కోపం ఉంది, దాని కింద దెబ్బ తిన్నతనం ఉంది. “అందరి ముందూ అడిగాను. నేను దొంగను కాను, మిస్టర్ జోన్స్. మర్నాడు మీరొచ్చి నిచ్చెన పట్టుకున్నారు. మర ఎలా విప్పాలో చెప్పారు.”

ఇద్వాల్ జవాబు కోసం తడుముకున్నాడు. ఇంగ్లీషులో లేదు. వెతికితే వేల్ష్‌లోనూ లేదు. నువ్వు నా నెత్తిన కూర్చోలేదు, నేనే కుర్చీ తుడిచి కూర్చోబెట్టాను అనే మాట ఏ భాషలోనైనా ఎవడంటాడు? కాళ్ళ మధ్య గొర్రె పెనుగులాడింది.

ఎమ్రిస్ టోపీ తీసి నుదురు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. గోడ వైపు చూశాడు, ఇద్వాల్ వైపు చూశాడు. తడిక దగ్గరికి నడిచాడు.

“హవోద్ వెన్!” అని కేకేశాడు. పాత కేక, చివర సాగదీసి. తడిక ఎత్తాడు.

ముసలి గొర్రె ఒక్క గెంతున పోయింది. తర్వాతిది వచ్చింది. “టిన్ రోస్!” అని కేకేశాడు ఇద్వాల్. గెథిన్ తడిక తీశాడు. ఆ పైన పని అయిపోయేదాకా పేర్లే వినిపించాయి. థోర్న్ దంపతులు గోడ అవతల నిలబడి విన్నారు. ఎవరూ వాళ్ళకు తిప్పి చెప్పలేదు.

ఊరు మారిపోయిందనుకుంటే పొరపాటు. పని ముగిసి గోడ నీడన భోజనాలకు కూర్చున్నప్పుడు, ఫిలిప్పా కేకు కోసి అందించగానే ఒక్కొక్కరే మళ్ళీ ఇంగ్లీషులోకి జారారు. వాన గురించి, ఉన్ని ధర పాతాళానికి పోవడం గురించి. ఎమ్రిస్ ఇద్వాల్‌తో మాట్లాడలేదు. ఉప్పు అందించాడు గానీ మొహం చూడలేదు. ఇద్వాల్ తన రొట్టె, జున్ను పట్టుకుని బండి దగ్గరికి పోయి ఒంటరిగా తిన్నాడు.

క్లైవ్ అక్కడికి వచ్చాడు. “ఆ రాయి ఎక్కడుంది?” అని అడిగాడు.

ఇద్వాల్ బండి వెనక్కి తల ఊపాడు. ఫ్లోస్ దాని మీదే చుట్ట చుట్టుకుని ఉంది.

“దిగవే,” అన్నాడు ఇద్వాల్. వేల్ష్‌లో వచ్చింది. పొద్దుటి నుంచి ఉన్న ఇంగ్లీషంతా ఖర్చయిపోయినట్టుంది. కుక్క చెవులు నిలబెట్టి అతని మొహంలోకి చూసింది. కదల్లేదు. దానికి అర్థం కాలేదు పాపం.

“దిగవే అంటే!”

కుక్క తోక ఆడించింది. ఇద్దరు మగాళ్ళూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. చివరికి ఇద్వాల్ వంగి, పొట్ట కింద చేతులు వేసి, దాన్ని అమాంతం ఎత్తి పక్కన పెట్టాడు. పలకరాయి మీద బురద, వెంట్రుకలు. క్లైవ్ దాన్ని చొక్కా చేత్తో తుడిచి, ఛాతీకి ఆనించుకుని, ఇంటి వైపు నడిచాడు. క్షమించమని అనలేదు. ఇద్వాల్ కూడా మీ దయ అనలేదు.

ఇంటి ముందు నిచ్చెన ఇంకా గోడకే ఆనించి ఉంది. క్లైవ్ ఒక చేత్తో రాయి, ఒక చేత్తో మెట్టు పట్టుకుని ఎక్కుతున్నాడు. గులకరాళ్ళలో ఆ కాలు మళ్ళీ ఊగింది. క్లైవ్ ఆగాడు. వెనక్కి తిరిగి చూడలేదు, పిలవలేదు.

ఇద్వాల్ చేతిలోని రొట్టె ముక్క కుక్కకు వేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెళ్ళాడు. నిచ్చెన పట్టుకుని, కింద బూటు అడ్డంపెట్టాడు. ఈసారి ఎవరూ అడగలేదు.